ముందు బరువు, తర్వాత బొమ్మ

గుత్తి కోట ఎక్కి చూస్తే చుట్టూ బండలు, మెట్ట చేలు. పామిడి పక్కన పారాల్సిన పెన్నలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. ఈ ప్రాంతంలో ఇంటర్ చదివే పిల్లలకు యాట్ డిజైన్, అంటే తెరచాప పడవల రూపకల్పన, అనే విద్య ఒకటుందని చెప్పేవాళ్లు తక్కువ. చెప్పాలి. ఆ విద్యకు మొదట కావలసినవి లెక్కలు, భౌతికశాస్త్రం, ఓపిక. మూడూ ఇక్కడ దొరుకుతాయి.

ఒక ప్రయాణంతో మొదలుపెడదాం. 2017 సెప్టెంబర్ 10న ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు గోవా నుంచి ‘తారిణి’ అనే తెరచాప పడవలో బయలుదేరారు. భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వారిలో ఇద్దరు మనవాళ్లు: విశాఖపట్నం నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దగ్గరి భయంకరమైన సముద్రాన్ని కూడా దాటారు. వాళ్ల ధైర్యం గురించి చాలా రాశారు. ఆ ధైర్యాన్ని మోసిన పడవ గురించి అంతగా రాయలేదు. సుమారు 17 మీటర్ల ఆ పడవను గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డు కట్టింది. డిజైన్ నెదర్లాండ్స్‌లోని వాన్ డి స్టాట్ సంస్థది.

డిజైనర్ మొదట అడిగే ప్రశ్న: ఏ నీళ్లలో తిరగాలి, ఏం పని చేయాలి? తుంగభద్రలో తిరిగే పుట్టిని చూడండి. వెదురుతో అల్లిన గుండ్రటి పడవ. రాళ్లున్న లోతు తక్కువ నీళ్లకు అదే సరైన జవాబు. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి జానెడు నీళ్లున్నా తేలుతుంది. అదే పుట్టికి తెరచాప కడితే గాలి ఎటు తోస్తే అటే పోతుంది, గిరగిరా తిరుగుతుంది. పక్కకు జారకుండా నీళ్లను పట్టుకునే భాగం దానికి లేదు. సముద్రపు యాట్ అడుగున కిందికి దిగే రెక్క లాంటి భాగం, కీల్, ఆ పని చేస్తుంది. చాలా యాట్లలో సీసం వంటి బరువును నింపేదీ అక్కడే.

ఆ బరువు ఎందుకు? పడవను పైకి తోసే నీటి బలం, మునిగిన భాగం మధ్యలోంచి పనిచేస్తుంది. పడవ ఒక పక్కకు ఒరిగితే మునిగిన భాగం ఆకారం మారి, ఆ మధ్యబిందువు ఒరిగిన వైపుకు జరుగుతుంది. పడవ బరువు కిందికి లాగుతుంది, నీళ్లు పైకి తోస్తాయి. ఈ రెండూ కలిసి పడవను నిటారుగా నిలబెడతాయి. బరువు మరీ పైన ఉంటే అవే బలాలు దాన్ని ఇంకా పడదోస్తాయి. 1628లో స్వీడన్ రాజు కట్టించిన వాసా అనే యుద్ధనౌక పైబరువు ఎక్కువై, తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో మునిగిపోయింది. వెడల్పు ఉన్న పడవ కొద్దిగా ఒరిగినప్పుడు గట్టిగా నిలబడుతుంది. పెద్ద అల దాదాపు పడేసినా మళ్లీ లేచేది మాత్రం బరువు కింద ఉన్న పడవే. మహాసముద్రం దాటేవాళ్లకు ఈ రెండోదే ప్రాణం.

వేగానికీ ఒక హద్దుంది. పడవ కదులుతూ తన అలను తానే లేపుతుంది. దాన్ని ఎక్కి దాటడం బరువైన పడవకు కష్టం. నీటి గీత దగ్గరి పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు సుమారుగా నాట్లలో వస్తుంది. 25 అడుగులైతే 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్ల పైచిలుకు. వేగం రెట్టింపు కావాలంటే పొడవు 100 అడుగులు కావాలి.

ఇక అసలు కష్టం. నీటి విలువ తెలిసిన మన సీమవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ప్రయాణానికి మరో 200 లీటర్ల తాగునీరు కావాలనుకుందాం. అది 200 కిలోల బరువు. నీటి గీత దగ్గర పడవ వైశాల్యం 20 చదరపు మీటర్లయితే, అది దాదాపు ఒక సెంటీమీటరు అదనంగా మునుగుతుంది. బరువెక్కిన పడవను లాగడానికి తెరచాప పెంచాలి. దానికి స్తంభం ఎత్తు పెంచాలి. పైబరువు పెరిగింది కాబట్టి కీల్‌లో సీసం పెంచాలి. పడవ మళ్లీ కిందికి దిగింది! అందుకే డిజైనర్ ఒకసారి గీసి ఊరుకోడు. ఆకారం, బరువు, తెరచాప, నిలకడ, ఖర్చు, మళ్లీ ఆకారం. ఒక్కో చుట్టుకు తేడా తగ్గుతూ పోవాలి. 1959లో నౌకా నిర్మాణ నిపుణుడు హార్వే ఎవాన్స్ ఓడల రూపకల్పనను సర్పిలాకారపు బొమ్మగా చూపింది దీన్నే. నా దృష్టిలో డిజైనర్ నైపుణ్యం తెలిసేది నాజూకైన గీతల్లో కన్నా బరువుల పట్టికలోనే. లంగరు గొలుసు నుంచి వంటగిన్నెల దాకా అందులో ఎక్కాలి.

నేర్చుకోవడానికి దూరదేశం పోనక్కర్లేదు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ నౌకా నిర్మాణ శాస్త్రాన్ని బోధిస్తున్నాయి. చెన్నై ఐఐటీలోనూ ఉంది. ఇవి ఎక్కువగా పెద్ద ఓడల చదువులు. తేలడం, నిలబడడం, కదలడం గురించిన సూత్రాలు మాత్రం యాట్‌కూ అవే. లార్సన్, ఎలియాసన్ రాసిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ యాట్ డిజైన్’ ఒక్క పడవనే మొదటి నుంచి చివరిదాకా లెక్కకట్టి చూపిస్తుంది. గుత్తి, గుంతకల్లు ఉపాధ్యాయులకు నా విన్నపం: ఎంపీసీ పిల్లలకు కోర్సుల గురించి చెప్పే రోజున యాట్ డిజైన్ పేరు కూడా చెప్పండి.