పాత విడిభాగం – కొత్త రాకెట్టు

పొలంలో మోటారు బేరింగు పోతే రైతు మోటారు మొత్తం మార్చడు. బేరింగు మీది నంబరు చూసుకుని పట్నం వెళ్ళి అదే నంబరుది తెచ్చి వేయిస్తాడు. లోపల గోళీలు ఎలా చేశారో అతనికి అక్కర్లేదు. కొలత సరిపోతే చాలు. కంప్యూటర్ ప్రోగ్రాములకు కూడా ఇలాంటి విడిభాగాలు ఉండాలని 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సదస్సులో డగ్లస్ మెకిల్‌రాయ్ ప్రతిపాదించాడు. ఒకసారి రాసి, బాగా పరీక్షించిన భాగాన్ని పదిచోట్ల వాడుకుంటే శ్రమా, ఖర్చూ తగ్గుతాయి గదా!

మాట నిజమే. కాని ప్రోగ్రాముకు కొలత అంటే ఏమిటి? చిక్కంతా అక్కడే ఉంది. ఏరియన్-5 సంగతి చూడండి. తరువాతి కాలంలో మన ఇన్‌శాట్, జీశాట్ ఉపగ్రహాలను ఎన్నిటినో మోసిన రాకెట్టు ఇదే.

1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కౌరు నుంచి అది మొదటిసారి పైకి లేచింది. దాని వేగాన్నీ, వాలునూ క్షణక్షణం లెక్కకట్టే యంత్రంలోని ప్రోగ్రామును పాత ఏరియన్-4 నుంచి తీసుకున్నారు. అక్కడ చక్కగా పనిచేసింది కాబట్టి ఇక్కడా చేస్తుందనుకున్నారు. అయితే కొత్త రాకెట్టు అడ్డంగా పుంజుకునే వేగం పాతదానికన్నా సుమారు అయిదు రెట్లు. ఆ వేగాన్నిబట్టి పెరిగే ఒక సంఖ్యను 16 బిట్ల గడిలో పెట్టబోయారు. ఆ గడిలో 32,767 దాటితే పట్టదు. మానికలో కుంచెడు గింజలు పోసినట్టయింది!

సుమారు 37 సెకన్లకు యంత్రం చేతులెత్తేసింది. తోడుగా పెట్టిన రెండో యంత్రంలోనూ అదే ప్రోగ్రాము. అది అంతకు లిప్తపాటు ముందే ఆగిపోయింది. యంత్రం పంపిన తప్పు సంకేతాన్ని కంప్యూటర్ నిజమైన లెక్క అనుకుని రాకెట్టును ఒక్కసారిగా పక్కకు తిప్పింది. రాకెట్టు ముక్కలైంది, అందులోని నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ బూడిదయ్యాయి. మళ్ళీ తయారుచేసి పంపేసరికి 2000 సంవత్సరం వచ్చింది.

అన్నిటికన్నా విచారమేమంటే, తప్పు జరిగిన ఆ లెక్కతో రాకెట్టు లేచాక పనే లేదు. పాతదానిలో ఉంది కాబట్టి అలాగే ఉంచేశారు. పాత రాకెట్టులో ఆ సంఖ్య హద్దు దాటదని ఇంజనీర్లు లెక్క చూసుకునే రక్షణ పెట్టలేదు. ఆ కారణం మాత్రం ప్రోగ్రాములో ఎక్కడా రాసి లేదు. కొత్త రాకెట్టు దారి లెక్కలతో ఆ యంత్రాన్ని పరీక్షించనూ లేదు.

అంచేత విడిభాగం రాసేవారు అది ఏం చేస్తుందో చెబితే చాలదు. ఎంతవరకు భరిస్తుందో, హద్దు దాటితే ఏమవుతుందో దానిలోనే స్పష్టంగా రాయాలి. తీసుకునేవారు తమకు అక్కర్లేనిది తీసెయ్యాలి, ఉంచినదాన్ని తమ లెక్కలతో మళ్ళీ పరీక్షించాలి. రేపు పెద్ద ప్రాజెక్టుల్లో పనిచేయబోయే మనం, ఇంకొకరు రాసినదాన్ని వాడబోయేముందు బేరింగు మీది నంబరు చూసినట్టు దాని హద్దులు కూడా చూసుకోవాలి.