శవపంచనామా: మరణ కారణమును తెలిసికొను విధము

2025 మే 18వ తేదీ ఉదయమున హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు కూతవేటు దూరమున నున్న గుల్జార్ హౌజ్ వద్ద ఒక ఇంటిలో అగ్నిప్రమాదము జరిగి పదిహేడుగురు మరణించిరి. వారిలో ఎనిమిదిమంది పిల్లలు. విద్యుత్తు షార్టు సర్క్యూటు కారణమని ప్రాథమికముగా భావింపబడినది. మృతులలో చాలామంది మంటలవలన గాక, పొగవలన ఊపిరాడక ప్రాణములు కోల్పోయినట్లు అధికారులు తెలిపిరి. ఊరివారందరు కన్నులార చూచిన ప్రమాదములో ఇక విచారింపవలసిన దేమున్నదని ఎవరికైనను తోచవచ్చును. కాని ప్రమాదమును చూచుట వేరు, మరణ కారణమును నిర్ణయించుట వేరు.

ఇట్టి మరణము సంభవించినప్పుడు మొట్టమొదట జరుగునది శవపంచనామా. హత్య, ఆత్మహత్య, ప్రమాదము, అనుమానాస్పద మరణము — వీనిలో దేనినిగూర్చి సమాచారము వచ్చినను పోలీసు ఠాణా అధికారి సమీపమునందలి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేసి, దేహమున్న చోటికి వెళ్లవలెను. ఆ పేటలోని గౌరవస్థులు ఇద్దరికి తక్కువ గాకుండ హాజరుండవలెను. వీరినే పంచులందురు. పేరులో అయిదుగురున్నను చట్టమునకు ఇద్దరు చాలుదురు. గాయములు, విరిగిన ఎముకలు, కమిలిన మచ్చలు ఎచ్చటెచ్చట నున్నవో, అవి దేనివలన ఏ రీతిగా కలిగినట్లు కనిపించుచున్నవో వ్రాసి అందరును సంతకములు చేయుదురు. 1898 నాటి స్మృతిలోను, 1973 నాటి స్మృతిలోను ఇది 174వ సెక్షను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194వ సెక్షనైనది. నివేదికను 24 గంటలలోపల మేజిస్ట్రేటుకు పంపవలెనని క్రొత్త చట్టము గడువు విధించినది.

ఇంగ్లండులో ఈ పనికి కరోనరు అను ప్రత్యేకాధికారి కలడు. ఆ పదవి 1194 నాటిది. ఆయన పోలీసుశాఖకు చెందినవాడు కాడు. బ్రిటిషువారు 1871 చట్టము క్రింద కలకత్తా, బొంబాయి నగరములలో ఈ పద్ధతిని నడపిరి. బొంబాయిలో 1999లో ఆ పదవి రద్దైనది. నిజాము పాలనలోని హైదరాబాదునకు ఆ చట్టము వర్తింపలేదు. కనుక ఇచ్చట కరోనరు చేయవలసిన పనిని ఠాణా అధికారి, పంచులు, తహసీలుదారు, వైద్యుడు పంచుకొని చేయుచున్నారు. ఈ ఏర్పాటులో ఒక చిక్కు లేకపోలేదు. నేరమును పరిశోధించువాడే మొదటి నివేదికను వ్రాయుచున్నాడు.

అయితే ఆ నివేదిక ఎవరు దోషులో తేల్చునది కాదు. పంచనామా ఉద్దేశము మరణమునకు పైకి కనిపించు కారణమును తెలిసికొనుట మాత్రమేయని, నిందితుల పేర్లు అందులో ఉండి తీరవలెనను నియమము లేదని 1975లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పినది.

పైకి కనిపించు కారణము మోసగింపవచ్చును. అగ్నిప్రమాద మరణములే ఇందుకు మంచి ఉదాహరణము. కాలిన గదిలో దొరికిన దేహమును చూచినంతనే, ఆ మనిషి మంట పుట్టునప్పటికి సజీవుడై యుండెనా, లేక అంతకుముందే చనిపోయెనా యని పంచులు చెప్పజాలరు. వైద్యుడు చెప్పగలడు. మంట పుట్టినపిమ్మట శ్వాస పీల్చినవాని శ్వాసనాళములో మసి చేరును. గాలి చాలని గదిలో వస్తువులు కాలునపుడు కార్బన్ మోనాక్సైడు వాయువు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ఆక్సిజనుతోకంటె దీనితో 200 రెట్లకు పైగా గట్టిగా కలియును. అందుచే గాలిలో ఈ వాయువు కొద్దిపాటి యున్నను రక్తము ఆక్సిజనును మోయలేని స్థితికి వచ్చును. హీమోగ్లోబినులో సగము దీనితో నిండినచో సాధారణముగా ప్రాణము నిలువదు. నిద్రలో నున్నవారు మేలుకొనకుండగనే స్పృహ కోల్పోవుదురు.

మరణించినవాడు ఊపిరి పీల్చడు గదా! కావున రక్తములో ఈ వాయువు మిక్కుటముగా నుండుట అతడు పొగలో సజీవుడై యుండెననుటకు గట్టి సాక్ష్యము. అట్టి రక్తము ముదురెరుపు వహింపక చెర్రీపండువంటి ఎరుపుతో నుండును. మనవారి చర్మపు ఛాయలో ఇది బయటికి అంతగా కనిపించదు. పెదవులు, గోళ్లు, లోపలి అవయవములు చూడవలెను. రంగునుబట్టియే తీర్మానింపరాదు, చలిలో నుంచిన దేహములకును, సైనైడు విషము తిన్నవారికిని ఇట్టి ఎరుపు రావచ్చును. అందుచేతనే రక్తమును ప్రయోగశాలకు పంపుదురు. తెలంగాణ ఫోరెన్సిక్ సైన్సు ప్రయోగశాల రెడ్‌హిల్సులో నున్నది.

పాతబస్తీలో మరియొక సమస్య కాలమునకు సంబంధించినది. మరణించినవారిని వీలైనంత త్వరగా ఖననము చేయుట ముస్లిం కుటుంబముల ఆచారము. పంచనామా, శవపరీక్ష ఆలస్యమైన కొలది వారికి వేదన ఎక్కువగును. చాలకాలము సూర్యాస్తమయము తరువాత శవపరీక్ష జరుపువారు కారు. తగిన వెలుతురు, సదుపాయములున్నచో రాత్రివేళను చేయవచ్చునని 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ అనుమతించినది. హత్య, ఆత్మహత్య, మానభంగము, అనుమానము గల కేసులలోను, కుళ్లిన దేహములకును ఈ సడలింపు సామాన్యముగా వర్తింపదు. తొందరలో ఖననము జరిగిపోయి, తరువాత అనుమానము కలిగినచో, మేజిస్ట్రేటు ఉత్తర్వుతో సమాధిని త్రవ్వించి పరీక్ష చేయింపవచ్చును. పాషాణమువంటి విషము వెండ్రుకలలోను, గోళ్లలోను, ఎముకలలోను చాలకాలము నిలుచును. అప్పుడు సమాధిలోని మట్టిని కూడ సేకరించుట అవసరము. లేనిచో విషము దేహములోనిదో మట్టిలోనిదో తెలియదు.

పెండ్లియైన ఏడేండ్లలోపల స్త్రీ ఆత్మహత్య చేసికొన్నను, ఆమె మరణము అనుమానాస్పదమైనను శవపరీక్ష తప్పనిసరి. పోలీసుల నిర్బంధములో ఎవరైన మరణించినచో పోలీసుల విచారణతో సరిపోదు, జుడీషియల్ మేజిస్ట్రేటు విచారింపవలెను. 2005 సవరణతో వచ్చిన ఈ నియమము ఇప్పుడు 196వ సెక్షనులో నున్నది.

పంచనామా హద్దు ఎచ్చటిదో తెలుపు సంఘటన ఒకటి పాతబస్తీలోనే జరిగినది. 2007లో, యాదృచ్ఛికముగా మే 18వ తేదీననే, మక్కా మసీదులో బాంబు ప్రేలి తొమ్మిదిమంది మరణించిరి. ఆ పిమ్మట జరిగిన పోలీసు కాల్పులలో మరి ఐదుగురు మరణించిరి. గుండు ఏ అవయవమును చీల్చెనో, ఎట్లు ప్రాణము పోయెనో పంచనామాలు, శవపరీక్షలు చెప్పగలవు. కాల్చుట అవసరమా, కాదా యను ప్రశ్న వాని పరిధిలోనిది కాదు. దానిని విచారించుటకు ప్రభుత్వము జస్టిస్ వి. భాస్కరరావు కమిషనును వేరుగా నియమింపవలసి వచ్చినది.