వాక్స్వాతంత్ర్యానికి మతం హద్దులు గీయవచ్చునా?

మాట్లాడే శక్తి మనిషికి అల్లాహ్ ప్రసాదించిన గొప్ప వరాలలో ఒకటి. దివ్య ఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరా ఆరంభంలో మానవ సృష్టి ప్రస్తావన వచ్చిన వెంటనే అతనికి భావప్రకటన నేర్పిన సంగతి వస్తుంది. ఇంతటి శక్తిని ఎలా వినియోగించాలన్న విషయంలో ప్రతి మతమూ కొన్ని నియమాలు పెట్టింది. ఇంతవరకు వివాదం లేదు. ఆ నియమాలు ఎవరికి వర్తిస్తాయన్న చోటే వివాదం మొదలవుతుంది. విశ్వసించినవానికేనా, విశ్వసించని వానికి కూడానా? వాటిని అమలు జరపవలసింది మనిషి అంతరాత్మా, సంఘమా, ప్రభుత్వమా? ఈ ప్రశ్నలను విడివిడిగా పరిశీలించకుండా “మతం హద్దులు గీయాలి” అన్నా, “గీయకూడదు” అన్నా అది తొందరపాటే అవుతుంది.

ఈ పరిశీలనకు కృష్ణా డెల్టా కంటే అనువైన ప్రాంతం తెలుగునాట మరొకటి కనిపించదు. విజయవాడ నుండి ఏలూరు వెళ్ళే దారిలోని గన్నవరం పరిసరాలనే తీసుకుందాం. మసీదులు, దేవాలయాలు ఉన్న ఈ ప్రాంతంలోనే పెద ఆవుటపల్లిలో క్రైస్తవుల యాత్రాస్థలం ఉంది. మత విశ్వాసం లేని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యను ఇదే గన్నవరం నియోజకవర్గం 1955, 1962, 1978 ఎన్నికలలో శాసనసభకు పంపింది. గుడివాడకు చేరువలోని అంగలూరులో 1887లో జన్మించిన త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’, ‘సూతపురాణం’ వంటి రచనలలో పురాణాలను నిలదీశారు. పండితులు ఆయనతో వాదించారు. ఆయనా వాదించారు. కలానికి కలమే జవాబైంది.

అయితే ఇక్కడ కూడా మాటకు శిక్ష పడిన సందర్భాలు లేకపోలేదు. గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (1902-1975) వృక్షశాస్త్ర అధ్యాపకుడు. నాస్తిక భావాలు వెల్లడించినందుకు 1933లో కాకినాడలోను, తరువాత మచిలీపట్నంలోను కళాశాల ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని ప్రారంభించారు. 1947లో అది విజయవాడలోని పటమటకు తరలింది. ఉద్యోగం తీసివేసినందువల్ల గోరా ఆస్తికుడు కాలేదు సరికదా, ఒక తరగతి గదిలో ఉండవలసిన వాదం ఒక సంస్థగా, పత్రికలుగా, ఉద్యమంగా పెరిగింది. నోరు మూయించటం వల్ల విశ్వాసానికి కలిగిన లాభమేమిటో ఆ కళాశాలల నిర్వాహకులే చెప్పవలసి ఉంటుంది.

దీనికి భిన్నమైన వైఖరిని గాంధీజీ అవలంబించారు. నిత్యం ప్రార్థన చేసే ఆయన గోరాను సేవాగ్రామ్ ఆశ్రమానికి రానిచ్చి, దైవాన్ని గురించి దీర్ఘంగా చర్చించారు. గోరా కుమార్తెకు, ఒక దళిత యువకునికి జరగవలసిన వివాహంలో దైవనామానికి బదులు సత్యం పేరిట ప్రమాణం చేయించటానికి కూడా అంగీకరించారు. గాంధీజీ హత్యానంతరం 1948లో ఆ వివాహం సేవాగ్రామ్‌లోనే జరిగింది. నాస్తికునికి చోటిచ్చినందువల్ల ఆయన భక్తికి లోటు రాలేదు.

ఇక ముస్లింలకు నేరుగా తగిలే ఉదాహరణ కూడా ఉంది. మతాలు విధించిన ఆహార నిషేధాలను ప్రశ్నించటానికి 1972లో నాస్తిక కేంద్రం గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ వడ్డించే సహపంక్తి కార్యక్రమం జరిపింది. గోవును పూజించేవారికి, పందిమాంసాన్ని హరామ్‌గా భావించేవారికి అది నొప్పి కలిగించేదే. అలాంటి సందర్భంలో ఒక ముస్లిం చేయవలసిందేమిటి?

ఈ ప్రశ్నకు దివ్య ఖుర్ఆన్ స్పష్టమైన మార్గం చూపింది. అల్లాహ్ వాక్యాలను తిరస్కరించి ఎగతాళి చేస్తున్నవారిని చూసినప్పుడు, వారు వేరే ప్రసంగంలోకి వెళ్ళేవరకు వారితో కూర్చోవద్దని అన్నిసా సూరా 140వ ఆయత్, అల్ అన్‌ఆమ్ సూరా 68వ ఆయత్ బోధిస్తాయి. పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఎగతాళికి అంగీకారం తెలుపవద్దని ఆదేశం ఉంది. లేచి వెళ్ళిపొమ్మని ఆదేశం ఉంది. కాని వేదికను పడగొట్టమని ఈ ఆయతులలో లేదు. మాటలు మారిన తరువాత మళ్ళీ కూర్చోవటానికి తలుపు తెరిచే ఉంది.

ఖుర్ఆన్ విధించిన హద్దులలో ఎక్కువ భాగం విశ్వాసి నాలుకకే. ఒకరినొకరు ఎగతాళి చేయటం, మారుపేర్లు పెట్టటం, పరోక్షనింద చేయటం అల్ హుజురాత్ సూరా (49:11-12) నిషేధించింది. అల్లాహ్‌ను కాదని ఇతరులు వేడుకునే దైవాలను దూషించవద్దని, అలా చేస్తే వారు అజ్ఞానంతో పగబట్టి అల్లాహ్‌ను దూషిస్తారని అల్ అన్‌ఆమ్ సూరా 108వ ఆయత్ హెచ్చరించింది. విగ్రహారాధనను ఖండించే గ్రంథమే విగ్రహ దూషణను నిషేధించటంలో సూక్ష్మం ఉంది. విమర్శ వేరు, దూషణ వేరు. విమర్శ బుద్ధితో మాట్లాడుతుంది, దూషణ గాయపరచటానికే పుడుతుంది. మొదటిది ధర్మప్రచారంలో భాగం. రెండవది విశ్వాసికి నిషిద్ధం.

దైవప్రవక్త (స) జీవితంలోని రెండు ఘట్టాలు ఈ సందర్భంలో స్మరణీయాలు. క్రీ.శ. 628లో హుదైబియా వద్ద ఒడంబడిక రాస్తున్నప్పుడు ఖురైషుల ప్రతినిధి సుహైల్ బిన్ అమ్ర్, ఆయనను అల్లాహ్ సందేశహరుడని పేర్కొనటానికి ఒప్పుకోలేదు. ఆ బిరుదు తీసివేసి ‘అబ్దుల్లాహ్ కుమారుడు ముహమ్మద్’ అని రాయటానికి ప్రవక్త (స) సమ్మతించారు. తన ప్రవక్త పదవిని నిరాకరించే మాటను సంధిపత్రంలోనే సహించారు. రెండవది మదీనాలోని కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబై విషయం. అతడు అవమానకరంగా మాట్లాడినప్పుడు హజ్రత్ ఉమర్ (ర) అతన్ని చంపటానికి అనుమతి కోరారు. ముహమ్మద్ తన సహచరులనే చంపుతున్నాడని జనం చెప్పుకుంటారని ప్రవక్త (స) వారించారు. అతడు చనిపోయినప్పుడు కఫనుగా తన చొక్కా కూడా ఇచ్చారు.

“మరి ఫిఖ్హ్ గ్రంథాలలో ప్రవక్త దూషణకు కఠిన శిక్షలు ఉన్నాయి కదా?” అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఉన్నాయి, దాచవలసిన పని లేదు. అయితే వాటిలో ఏకాభిప్రాయం లేని అంశాలూ ఉన్నాయి. ముస్లిమేతర ప్రజ ఎవరైనా దూషించినంత మాత్రాన అతనికిచ్చిన రక్షణ ఒడంబడిక రద్దు కాదని, అతని విషయం పాలకుని విచక్షణకు చెందిన తాజీర్ పరిధిలోకి వస్తుందని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. ఆంధ్ర దేశపు ముస్లింలలో అధికులు అనుసరించేది ఈ హనఫీ మార్గాన్నే. పైగా విచారణ, తీర్పు, అమలు ఖాజీకి, పాలకునికి చెందిన పనులుగానే ఫిఖ్హ్‌లో చర్చకు వచ్చాయి. గుంపుకు కత్తి అందించటానికి ఆ గ్రంథాలను వాడుకోవటం ఆ గ్రంథాలకే అన్యాయం.

ఇక మన దేశపు చట్టం సంగతి. 1924లో లాహోరులో దైవప్రవక్త (స)ను కించపరిచే ఒక పుస్తకం వెలువడింది. ప్రచురణకర్త రాజ్‌పాల్‌ను క్రింది కోర్టులు శిక్షించినా, అప్పటి చట్టంలో అటువంటి నేరం ఇమడదని 1927లో లాహోరు హైకోర్టు విడిచిపెట్టింది. ఆ సంవత్సరమే శిక్షాస్మృతిలో 295-ఎ సెక్షను చేరింది. బిల్లును పరిశీలించిన సంఘంలో సభ్యుడైన ముహమ్మద్ అలీ జిన్నా సైతం, నిజాయితీగా మతాన్ని విమర్శించేవారికి, చరిత్ర పరిశోధకులకు రక్షణ ఉండాలన్నారు. 1929లో రాజ్‌పాల్ హత్యకు గురయ్యాడు. హంతకుడైన యువకుణ్ణి ఆ ఏడాదే ఉరితీశారు. చట్టం వచ్చిన తరువాత కూడా రెండు ప్రాణాలు పోయాయి.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 19వ అధికరణంలో వాక్స్వాతంత్ర్యాన్ని హామీ ఇచ్చి, ఏయే కారణాలపై దానిని పరిమితం చేయవచ్చునో జాబితాగా పేర్కొంది. దేశ భద్రత, ప్రజాశాంతి, సభ్యత, పరువునష్టం, నేరప్రేరణ మొదలైనవి ఉన్న ఆ జాబితాలో ‘మతం’ అన్న మాట లేదు. అందుకే 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు 295-ఎను ప్రజాశాంతి పేరుతో సమర్థించింది. మతానికి జరిగే ప్రతి అవమానమూ నేరం కాదని, ఉద్దేశపూర్వకంగా, దుర్బుద్ధితో చేసిన తీవ్రమైన అవమానమే నేరమని వివరించింది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలోని 299వ సెక్షను దాని స్థానంలోకి వచ్చింది. మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధించవచ్చు. ఒక తమిళ చలనచిత్రం విషయంలో 1989లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసి, ప్రదర్శనలు చేస్తామనో హింసకు దిగుతామనో కొందరు బెదిరించినంత మాత్రాన భావప్రకటనను అణచివేయరాదని చెప్పింది.

చట్టం ఇలా ఉండగా ఆచరణ ఎలా ఉంది? 2007 ఆగస్టు 9న హైదరాబాదు ప్రెస్ క్లబ్బులో తస్లీమా నస్రీన్ నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ సందర్భంగా, శాసనసభ్యులు సైతం పాల్గొన్న గుంపు ఆమెపై దాడి చేసింది. ఆ పుస్తకం పేరైనా వినని వేలాదిమంది మరునాడు ఆమెను గురించి చదివారు. ఇస్లాం గౌరవం పేరిట ఒక స్త్రీపై వస్తువులు విసరటం, లేచి వెళ్ళిపొమ్మన్న ఆయతుకు ఏవిధంగా అనుసరణ అవుతుంది?

2018 జూలైలో మరో దృశ్యం కనిపించింది. శ్రీరాముణ్ణి గురించి చేసిన వ్యాఖ్యలకుగాను సినీ విమర్శకుడు కత్తి మహేష్‌ను పోలీసులు హైదరాబాదు నుండి బహిష్కరించారు. ఆ వ్యాఖ్యలకు నిరసనగా యాత్ర తలపెట్టిన పరిపూర్ణానంద స్వామినీ రెండు రోజుల వ్యవధిలోనే బహిష్కరించారు. మతం తరఫున బెత్తం పట్టుకొమ్మని ప్రభుత్వాన్ని పిలిచినవారు ఈ ఘటనను మరువరాదు. బెత్తం ఒకసారి చేతికి వచ్చాక అది నాస్తికుని వీపునూ ఆస్తికుని వీపునూ వేరుగా చూడదు.

ఈ విషయంలో తెలుగు ముస్లింలకు ప్రత్యేకమైన ఆసక్తి ఉండాలి. దైవం ఒక్కడేనని, ఆయనకు భాగస్వాములు లేరని చెప్పటం బహుదైవారాధకుని మనసుకు నొప్పి కలిగించవచ్చు. ఈసా (అ) దైవకుమారుడు కాదని చెప్పటం క్రైస్తవునికి కష్టం కలిగించవచ్చు. మనసు నొచ్చటమే నేరానికి కొలబద్ద అయితే తౌహీద్ బోధే ముందుగా ఆ కొలబద్దకు చిక్కుతుంది. 25వ అధికరణం ఇచ్చిన మతప్రచార హక్కు, 19వ అధికరణం ఇచ్చిన వాక్కు లేకపోతే మూగదే. చిలుకూరి నారాయణరావు ముస్లిం కాకపోయినా ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. అన్యమతస్థుడు తమ గ్రంథం జోలికి రాకూడదని ముస్లింలు అడ్డుకొని ఉంటే నష్టపోయేది తెలుగు పాఠకుడే.

“అయితే ప్రవక్త (స) గౌరవాన్ని ఎవరు కాపాడాలి?” అన్న బాధలో సత్యం ఉంది. తల్లిదండ్రుల కంటే మిన్నగా ప్రేమించే వ్యక్తిని దూషిస్తుంటే గుండె మండటం సహజం. ఆ బాధను చులకన చేసే స్వేచ్ఛావాదం కూడా అసంపూర్ణమే. ఒక సమాజాన్ని ద్వేషించమని, దాడి చేయమని పురికొల్పే మాటను అరికట్టటం ప్రభుత్వ బాధ్యత. అందుకు చట్టబద్ధమైన ఫిర్యాదు మార్గం ఉంది. కాని ప్రశ్నకు, సందేహానికి, విమర్శకు, చివరకు నిరాకరణకు కూడా జవాబు వివేకంతో, మంచి ఉపదేశంతో, మేలైన రీతిలో వాదించటమేనని అన్నహ్ల్ సూరా 125వ ఆయత్ నిర్దేశిస్తున్నది.

కాబట్టి మతం హద్దులు గీయవచ్చు, గీయాలి కూడా. అయితే ఆ గీత మొదట విశ్వాసి సొంత నాలుక మీద పడాలి. ఇతరుల నోటి మీద గీత గీయవలసి వస్తే అది హింసను, పరువునష్టాన్ని ఆపేందుకు అందరికీ సమానంగా వర్తించే చట్టం గీసినదై ఉండాలి. ధర్మంలో బలవంతం లేదన్న సూత్రానికి అర్థం కలిమా చదివించటంలో బలవంతం లేదని మాత్రమే కాదు. నోరు మూయించి సంపాదించిన మౌనం విశ్వాసం కాదు. కృష్ణా డెల్టాలో ఉద్యోగం పోయిన ఒక అధ్యాపకుని చరిత్ర ఈ సత్యాన్ని ఆస్తికులకే ఎక్కువగా బోధిస్తుంది.