వరదొస్తే దారి మార్చుకునే సాఫ్ట్‌వేర్

నేనుండేది కామ్‌రేజ్‌లో, పని సూరత్ బట్టల మార్కెట్‌లో. కొట్ల కంప్యూటర్లు చూసుకుంటాను. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి తాపీలోకి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీళ్లు వదిలారు. సూరత్‌లో చాలా భాగం మునిగింది. ఒక సేఠ్ గారి ఖాతాల కంప్యూటరూ, దాని బ్యాకప్ సీడీలూ ఒకే గదిలో ఉండేవి. రెండూ పోయాయి. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మా మగ్గాలవాళ్ల కూలి లెక్కలూ వాటితోపాటే పోయాయి.

నకళ్లు దూరంగా ఉంచాలని అందరికీ తెలుసు. చిక్కంతా వాటిని కలిపే లైన్లతోనే. వేర్వేరు ఊళ్లలో 25 కేంద్రాలు పెడితే, ప్రతి రెండింటి మధ్యా ఒకటి చొప్పున 300 లైన్లు. అన్నీ తెరిస్తే ఖర్చు తడిసిమోపెడు. మరీ తగ్గిస్తే ఒక్కటి తెగినా ఒక ఊరు విడిపోతుంది. ఏది తెరవాలి, ఏది మూయాలి అన్న అమరికల సంఖ్యకే 91 అంకెలుంటాయి. 'ఇది తెగితే ఇలా చెయ్యి' అని అన్నిటికీ ముందే రాసిపెట్టడం ఎవరి తరమూ కాదు.

మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఆండ్రెస్ రామిరెజ్, బెట్టీ చెంగ్ బృందం 2009లో సరిగ్గా ఇలాంటి నకళ్ల నెట్‌వర్క్ మీదే 'ప్లేటో' అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించింది. జాన్ హాలండ్ 1975 నాటి పుస్తకంలో వివరించిన జన్యు అల్గారిథమే దాని ఆధారం. మొదట తోచినట్టు కొన్ని అమరికలు పుట్టిస్తారు. ఖర్చు, వేగం, భద్రత చూసి మార్కులు వేస్తారు. రైతు గట్టి కంకులు విత్తనానికి ఏరినట్టు మంచివాటిని ఉంచుకుంటారు. ఒకదానిలో కొంత, మరోదానిలో కొంత కలిపి కొత్తవి చేస్తారు. అక్కడక్కడ ఒక లైను తెరిచి ఉంటే మూస్తారు, మూసి ఉంటే తెరుస్తారు. తరం తర్వాత తరం ఇదే. నడుస్తుండగా లైను తెగితే భద్రతకు మార్కులు పెంచుతారు. అప్పుడు ఖర్చెక్కువైనా, అదనపు దారులున్న అమరిక పైకొస్తుంది.

ఈ పద్ధతి మనవాళ్లకు కొత్త కాదు. శ్రీరాంసాగర్ ఆయకట్టులో పంటల ప్రణాళికకు కె. శ్రీనివాసరాజు, డి. నగేశ్ కుమార్ జన్యు అల్గారిథమ్‌లనే వాడి 2004లో పరిశోధనాపత్రం ప్రచురించారు. ఖర్చు, భద్రత లాంటి వేర్వేరు లక్ష్యాలను ఒకే మార్కుగా కలిపేయకుండా విడివిడిగా తూచే పద్ధతిని కాన్పూర్ ఐఐటీ నుంచి ఎన్. శ్రీనివాస్, కల్యాణ్‌మయ్ దేబ్ 1994లోనే ఇచ్చారు. 2002లో దేబ్ బృందం దానికి తెచ్చిన మెరుగైన రూపాన్ని ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది.

నాకు ఈ విద్య మీద గొప్ప నమ్మకం. కానీ వెతికేది యంత్రమైనా, ఏది మంచిదో చెప్పే మార్కులు వేసేది మనిషే. ఖర్చుకే పెద్దపీట వేస్తే, కూలి లెక్కలున్న చిన్న కొట్టుకు రెండో దారి మిగలదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాస్తున్న తెలుగు ఇంజినీర్లను నేను కోరేది ఒక్కటే: ఆ మార్కుల పట్టికను దాచకండి. ఎవరి లెక్కలు అందులో ఉన్నాయో వాళ్లకు చూపించి, అడిగి, ఆ తర్వాతే నడపండి.