గోడమీది బాయిలరు నేర్పిన పాఠం

బాయిలరు అనగానే నాకు మా పుట్టింటి పెరట్లోని రాగి బాయిలరే గుర్తొస్తుంది. మధ్య గొట్టంలో బొగ్గులు, కొబ్బరి చిప్పలు వేసి రాజేస్తే చుట్టూ నీళ్ళు సలసలా కాగేవి. పండగ వస్తే దాన్ని చింతపండుతో తోమడం నా వంతు. అందుకే 2022 డిసెంబరులో అమ్మాయి పురిటికని ఇంగ్లండ్‌లోని లీడ్స్ వెళ్ళినప్పుడు, వంటింటి గోడకి అలమరలా వేలాడుతున్న తెల్లపెట్టెను చూపించి "ఇదే మా బాయిలరమ్మా" అంటే నవ్వొచ్చింది. మంట కనబడదు, మసి కనబడదు. గదిగదికీ ఉన్న రేడియేటర్లలోకి వేడినీళ్ళు తిప్పి ఇల్లు వెచ్చగా ఉంచేదీ అదే, పంపు తిప్పగానే వేణ్ణీళ్ళిచ్చేదీ అదే.

పాప పుట్టిన పన్నెండో రోజు. ఆ వారమంతా చలి సున్నా కిందికి దిగిపోయింది. తెల్లవారుజామున బాయిలరు గుడగుడమని చప్పుడు చేసి ఆగిపోయింది. కాసేపట్లోనే రేడియేటర్లు చల్లబడ్డాయి. అల్లుడు రాత్రి డ్యూటీకి వెళ్ళాడు. పాలిచ్చి అమ్మాయి అప్పుడే కన్నుమూసింది. లేపబుద్ధి కాలేదు. పచ్చి బాలింత, పసికందు... ఈ చలిలో ఎలా?

మా అమ్మ కుంపటి గుర్తొచ్చింది. మా పురుళ్ళన్నిటికీ మంచం పక్కన కుంపటి ఉండాల్సిందే. వేసవిలో పెరట్లో వండుకోవడానికి కొన్న బొగ్గుల సంచీ ఒకటి మెట్ల కింద ఉంది. స్టవ్ మీద నాలుగు బొగ్గులు రాజేసి, పాత ఇనపమూకుట్లో వేశాను. పొగ పాపకి తగలకూడదని వంటింటి తలుపు మూశాను. నిప్పులు కణకణలాడి పొగ పోయాక పైగదిలోకి తీసుకెళదామని నా ఆలోచన. తల కొంచెం దిమ్ముగా అనిపించింది. నిద్రలేకపోవడం వల్లనుకున్నాను.

ఇంతలో గోడమీది చిన్న తెల్లడబ్బా చెవులు చిల్లులు పడేలా అరవడం మొదలెట్టింది! అమ్మాయి పరుగున దిగొచ్చింది. "అమ్మా! ఏం చేశావే? తలుపు తియ్యి, ముందు నువ్వు బయటికి రా!" అంటూ నన్ను లాగేసి, పాపను శాలువాలో చుట్టుకుని వీధిలోకొచ్చింది. అప్పుడే ఇంటికొస్తున్న అల్లుడు ముగ్గుర్నీ కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఎవరికీ ఏమీ కాలేదని డాక్టరు చెప్పేదాకా నాకు కాళ్ళలో వణుకు తగ్గలేదు.

ఆ డబ్బా కార్బన్ మోనాక్సైడ్ వాయువును పసిగట్టే అలారం. అద్దె ఇళ్ళలో బాయిలరు ఉన్న గదిలో ఇది ఉండి తీరాలని ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు 1 నుంచి నిబంధన వచ్చింది. దాంతో ఇంటావిడ బిగించి వెళ్ళిందట. రెండు నెలలే అయింది! ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. పొగ లేకుండా ఎర్రగా కాలే బొగ్గు నుంచి కూడా అది వస్తుంది. మా అమ్మ కాలంలో పెంకుటింట్లో, సందుల్లోంచి గాలి ఆడుతుండేది కాబట్టి సరిపోయింది. గాలి చొరబడకుండా బిగించిన ఇంట్లో అదే కుంపటి ప్రాణం తీస్తుంది.

సాయంత్రం ఇంటావిడ మెకానిక్‌ని పంపింది. అక్కడ గ్యాస్ బాయిలరు మీద ఎవరు పడితే వాళ్ళు చెయ్యి వేయకూడదు. గ్యాస్ సేఫ్ అనే రిజిస్టర్లో పేరుండాలి. అతను బాయిలరు జోలికే వెళ్ళలేదు. బయట గోడవెంట ఉన్న సన్నని ప్లాస్టిక్ గొట్టం మీద గోరువెచ్చని నీళ్ళు పోశాడు. లోపలికొచ్చి ఒక బటన్ నొక్కాడు. అంతే, బాయిలరు పనిచేసింది. నేను తెల్లబోయాను.

అల్లుడు నాకు విడమర్చి చెప్పాడు. "అత్తయ్యా, ఇడ్లీపాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి తగిలితే చురుక్కుమంటుంది కదా. మరిగే నీళ్ళకంటే ఆవిరిలో వేడి ఎక్కువ దాక్కుని ఉంటుంది. ఈ బాయిలరు పట్టుకునేది ఆ వేడినే."

లెక్క కూడా చెప్పాడు. ఒక గ్రాము చన్నీళ్ళను సున్నా డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 100 క్యాలరీలు చాలు. ఆ మరిగిన గ్రామును ఆవిరి చేయడానికి ఇంకో 540 కావాలి. ఆవిరి మళ్ళీ నీరైతే ఆ 540 తిరిగొస్తాయి. గ్యాస్ మండినప్పుడు నీటిఆవిరి పుడుతుంది. పాత బాయిలర్లు దాన్ని పొగగొట్టంలోంచి ఆకాశానికి వదిలేసేవి. ఇప్పటివి, రేడియేటర్లు తిరిగి చల్లబడి వచ్చే నీళ్ళ గొట్టాలకు ఆ ఆవిరిని తాకించి, దాన్ని నీరుగా మార్చి, వేడి లాక్కుంటాయి. అందుకే గ్యాస్‌లోని వేడిలో నూటికి 90 పాళ్ళదాకా ఇంటికే దక్కుతుంది. కండెన్సింగ్ బాయిలర్లంటే ఇవే. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు, కొద్ది మినహాయింపులు తప్ప, ఇవే అయి ఉండాలి. అలా కారిన నీళ్ళు కాస్త ఆమ్లంగా ఉంటాయి కాబట్టి ప్లాస్టిక్ గొట్టంలోంచి బయటికి పోతాయి. ఆ రోజు అవే గడ్డకట్టాయి. నీళ్ళు వెనక్కి తన్నడంతో బాయిలరు తనంతట తాను ఆగిపోయింది. అది చెడిపోలేదు, జాగ్రత్తపడింది. జాగ్రత్త తప్పింది నేనే!

ఇంకో సంగతీ తెలిసింది. తిరిగొచ్చే నీళ్ళు 55 డిగ్రీలకంటే చల్లగా ఉంటేనే ఆవిరి బాగా నీరవుతుంది. బాయిలరును 80 డిగ్రీల్లో పెట్టేసి ఊరుకుంటే కొత్తది కొన్న లాభం సగం పోయినట్టే. గ్యాస్ ధరలు మండిపోయిన ఆ ఏడాది మావాళ్ళు రేడియేటర్ల వేడిని 60కి తగ్గించుకున్నారు. ఇల్లు మెల్లగా వేడెక్కినా, వెచ్చగానే ఉంది. అయితే వేణ్ణీళ్ళు ట్యాంకులో నిలవుండే ఇళ్ళలో ఆ నీళ్ళు 60 డిగ్రీల వేడిలో ఉండాలి, లేకపోతే క్రిములు పెరుగుతాయి. అక్కడ మెకానిక్‌ని అడక్కుండా తగ్గించకూడదు.

అన్నిటికంటే నా మనసులో నాటుకున్నది మరొకటి. ఆ బాయిలరులో మంట మూసిన పెట్టెలో ఉంటుంది. కావలసిన గాలి బయటినుంచే పీల్చుకుంటుంది, కాలిన గాలిని బయటికే వదులుతుంది. మనం పీల్చే గాలి జోలికి రాదు. అది వినగానే హైదరాబాదులో మా స్నానాలగదిలో వేలాడే గ్యాస్ గీజరు కళ్ళముందు మెదిలింది. అది గదిలోని గాలినే మండిస్తుంది. చలికాలం కిటికీ మూసుకుని స్నానం చేస్తాం. ఓసారి కోడలు తలస్నానం చేసొచ్చి కళ్ళు తిరుగుతున్నాయంటే నీరసమనుకుని మజ్జిగ కలిపిచ్చాను. తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఆ రాత్రే కోడలికి ఫోన్ చేసి గీజరు వాడొద్దని చెప్పాను. తిరిగొచ్చిన వారంలోనే దాన్ని తీయించి, గాలి బాగా ఆడే వెనక బాల్కనీలో పెట్టించాను. గొట్టం ద్వారా వేణ్ణీళ్ళు మాత్రమే లోపలికొస్తాయి.

మీ ఇంట్లో గ్యాస్ గీజరు ఎక్కడుందో ఓసారి చూసుకోండి. స్నానాలగదిలో ఉంటే బయటికి మార్పించండి. బాలింత గదిలో తలుపులు మూసి కుంపటి పెట్టకండి. గీజరు వేశాక తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వస్తున్నట్టుండడం కనిపిస్తే నీరసమని సరిపెట్టుకోకుండా వెంటనే బయటి గాలిలోకి రండి, డాక్టరుకు చూపించుకోండి. విదేశాల్లో పిల్లల దగ్గరికి పురిటికి వెళ్ళే అమ్మలకు నాదొక మాట: ఊరగాయలు సర్దుకునే ముందు వాళ్ళింట్లో అలారం ఉందో లేదో అడగండి.