సముద్రజల ఆక్వేరియం పునర్నిర్మాణం, కాంతి ఎంపిక: ఉత్తర కోస్తాకు ఒక సస్యశాస్త్ర దృక్పథం

ఉపోద్ఘాతం

ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య అంతరపంట వేసే రైతు ముందుగా నీడను గమనించి, దానికి తగిన పంటను ఎంచుకుంటాడు. పొలంలో కాంతి ప్రకృతి ఇచ్చినది. పంట మాత్రమే మన ఎంపిక. ఇంటిలోని సముద్రజల ఆక్వేరియంలో ఈ రెండూ మన చేతిలోనే ఉంటాయి. అందువల్ల పెంచవలసిన జీవులను ముందు నిర్ణయించి, వాటి అవసరాన్ని బట్టి దీపాన్ని ఎంచుకోవాలి. దెబ్బతిన్న తొట్టెను తిరిగి నిలబెట్టేటప్పుడు ఈ క్రమం తప్పితే విద్యుత్తు వృథా కావడమే కాక, జీవుల ప్రాణానికీ ముప్పు వాటిల్లుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పరిస్థితులకు అనువైన పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

చట్టం నిర్దేశించే పరిధి

మన దేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులలో ఉన్నాయి. దిబ్బలను నిర్మించే గట్టి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వీటిని సేకరించడం, అమ్మడం నేరం. ‘సజీవ శిల’ పేరుతో లభించే రాయి కూడా ఎక్కువగా పగడపు అస్థిపంజరమే. కాబట్టి ఇంటి తొట్టెకు హాచరీలో పుట్టిన క్లౌన్ చేపలు, ఉల్వా, కాలెర్పా, గ్రాసిలేరియా వంటి సముద్ర నాచులు సరైన ఎంపిక. ఇతర జీవుల విషయంలో ముందుగా అటవీశాఖ అధికారులను సంప్రదించాలి.

పాత సామగ్రిలో నిలుపుకోదగినవి

నీరు నిలిచిన వరి మడిలో ఆక్సిజన్ తరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ ఏర్పడినట్లే, పాత ఇసుక అడుగు పొరల్లోనూ అది పేరుకుంటుంది. ఆ ఇసుకను తొట్టెలోనే కదిలిస్తే విషవాయువు నీటిలో కలుస్తుంది. దానిని బయటకు తీసి కడగాలి, లేదా మార్చాలి. సున్నపు నేలల్లో భాస్వరం స్థిరపడే విధంగానే పాత సున్నపురాళ్లూ ఫాస్ఫేటును పట్టి ఉంచి, కొత్త నీటిలోకి నెమ్మదిగా విడుదల చేస్తాయి. వాటిని కొన్ని వారాలు విడిగా ఉప్పునీటిలో ఉంచి, నీటిని మారుస్తూ ఫాస్ఫేటు తగ్గిన తరువాతనే వాడాలి.

మన తీరపు ఇసుక ఇందుకు పనికిరాదు. భావనపాడు, కళింగపట్నం ప్రాంతపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు థోరియం గల మోనజైట్ కూడా ఉంటుంది. పైగా, సున్నపు ఇసుక వలె క్షారతను నిలిపే గుణం దీనికి లేదు.

నీరు, లవణం

వంశధార కళింగపట్నం వద్ద, నాగావళి కల్లేపల్లి వద్ద, చంపావతి కోనాడ వద్ద సముద్రంలో కలుస్తాయి. వర్షాకాలంలోనూ, ఆ తరువాత కొంతకాలంపాటూ తీరపు నీటి లవణీయత పడిపోతుంది. సముద్రపు నీటినే తేదలచినవారు నదీముఖాలకు దూరంగా, వేసవిలో సేకరించి, విద్యుత్ వాహకతను పరీక్షించాలి. 35 గ్రాములు/కిలో లవణీయత గల నీటికి 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇది సుమారు 53 మిల్లీసీమెన్లు/సెం.మీ.

నౌపడ ఉప్పును నీటిలో కరిగించి వాడవచ్చునా అన్నది సహజమైన సందేహం. ఉప్పు మడిలో కాల్షియం ముందే జిప్సంగా అడుగున చేరుతుంది. మెగ్నీషియం చివరి ద్రావణంలో మిగిలిపోతుంది. మధ్యలో తీసేది ప్రధానంగా సోడియం క్లోరైడు మాత్రమే. కాబట్టి అది సముద్రపు నీటికి ప్రత్యామ్నాయం కాదు. ఆక్వేరియం కోసం తయారైన లవణ మిశ్రమమే వాడాలి. 150 లీటర్లకు సుమారు 5.5 కిలోలు అవసరం. కాల్షియం 400–450, మెగ్నీషియం 1250–1350 మి.గ్రా./లీటరు ఉండాలి. సాగునీటి పరీక్షకు వాడే ఈడీటీఏ అంశమాపన పద్ధతితోనే వీటిని కొలవవచ్చు. అమ్మోనియా, నైట్రైటు శూన్యానికి చేరడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలను వేయరాదు. దీపాన్ని మితంగానే వెలిగించాలి.

కాంతిని ఏ కొలతతో కొలవాలి?

దీపం వాట్లు గానీ, లక్స్ గానీ మొక్కకు అందే కాంతిని సూచించవు. లక్స్ మానవనేత్ర గ్రహణశక్తిపై ఆధారపడిన కొలత. 555 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి మన కన్ను చూపే స్పందనలో 450 నానోమీటర్ల నీలికాంతికి చూపేది 4 శాతం మాత్రమే. అందువల్ల నీలి ఎల్‌ఈడీ కింద లక్స్ మీటరు చూపే అంకె మోసపుచ్చుతుంది. 400–700 నానోమీటర్ల మధ్య ఫోటాన్లను చదరపు మీటరుకు సెకనుకు మైక్రోమోళ్లలో లెక్కించే క్వాంటం సెన్సరే సరైన సాధనం. నీటిలో కొలిచేటప్పుడు ముంచడానికి అనువైన సెన్సరునే వాడి, ఆ పరికరానికి ఇచ్చిన సవరణ గుణకాన్ని అన్వయించాలి.

మధ్యాహ్నపు ఎండ సుమారు 2000 మైక్రోమోళ్లు. వెలుతురు కోరే గట్టి పగడాలకు 200–400 ఇస్తారు. నాచులతో కూడిన తొట్టెకు 80–150 సరిపోతుంది. 120 మైక్రోమోళ్లు రోజుకు 8 గంటలు అందితే మొత్తం 3.5 మోళ్లు.

ఈ తేడా విద్యుత్ ఖర్చులో స్పష్టమవుతుంది. 90 × 45 సెం.మీ. తొట్టె ఉపరితలం 0.405 చదరపు మీటర్లు. ఎల్‌ఈడీ జౌలుకు 2 మైక్రోమోళ్లు ఇస్తుందనీ, అందులో సగమే జీవులకు చేరుతుందనీ అనుకుంటే, 120 మైక్రోమోళ్లకు సుమారు 49 వాట్లు, 350కి 142 వాట్లు కావాలి. నెలకు వరుసగా 12, 34 యూనిట్లు. ఈ విద్యుత్తు దాదాపు అంతా చివరకు గదిలో, నీటిలో వేడిగా మారుతుంది.

దీపం, వర్ణం, వేడి

మెటల్ హాలైడ్ దీపాల వేడి మన వేసవికి అనుకూలం కాదు. టీ5 గొట్టాలు కాంతిని సమంగా పరుస్తాయి గానీ, ఏడాదికి ఒకసారైనా మార్చాలి; వాటిలో పాదరసం ఉంటుంది. తీవ్రతను తగ్గించుకోగల ఎల్‌ఈడీ మేలు.

పూర్తి నీలికాంతి పగడాల కోసం ఏర్పడిన అలవాటు. లోతు సముద్రంలో ఎరుపు కాంతి త్వరగా హరించుకుపోతుంది. 45 సెం.మీ. తొట్టెలో మాత్రం 650 నానోమీటర్ల కాంతిలో తగ్గేది సుమారు 15 శాతమే. కాబట్టి నాచులకు తెలుపు ప్రధానంగా, కొంత నీలం, ఎరుపు కలిసిన దీపం చాలు. లక్ష్యతీవ్రతలో మూడో వంతుతో ప్రారంభించి, మూడు నాలుగు వారాల్లో క్రమంగా పెంచాలి.

నీటి ఉష్ణోగ్రత 25–27 డిగ్రీల మధ్య ఉండడం మేలు. ఫ్యాను గాలి నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. గాలిలో తేమ అధికంగా ఉన్న రోజుల్లో ఈ ప్రభావం తగ్గుతుంది. ఆవిరైనది నీరు మాత్రమే, లవణం కాదు. అందుచేత ఆ లోటును శుద్ధిచేసిన మంచినీటితోనే పూరించాలి.

విద్యుత్తు లేని వేళ

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి విద్యుత్తు లేదు. అటువంటి వేళ తొట్టెకు మొదటి ప్రమాదం చీకటి కాదు, ఆక్సిజన్ కొరత. 27 డిగ్రీల వద్ద సముద్రపు నీరు ఇముడ్చుకోగల ఆక్సిజన్ సుమారు 6.5 మి.గ్రా./లీటరు మాత్రమే. చీకటిలో నాచులు కూడా దానిని వినియోగిస్తాయే తప్ప విడుదల చేయవు. కొద్ది రోజుల చీకటిని నాచులు తట్టుకుంటాయి; ఆక్సిజన్ అందకపోతే చేపలు కొన్ని గంటలైనా నిలవకపోవచ్చు. కావున బ్యాటరీని దీపానికి గాక గాలి పంపుకు కేటాయించి, మేతను ఆపివేయాలి.

ముగింపు

జీవులు, నీరు, రాయి, చివరగా దీపం: పునర్నిర్మాణంలో పాటించవలసిన వరుస ఇది. చట్టబద్ధమైన జీవులకే పరిమితమైతే అవసరమయ్యే కాంతి, దానితో ఖర్చు, వేడి మూడో వంతుకు తగ్గుతాయి. మిగిలిన సొమ్ముతో గాలి పంపు, బ్యాటరీ సమకూర్చుకోవడం ఈ తుపానుల తీరంలో వివేకం. దీనికి కావలసిన వాహకత మీటరు, అంశమాపన సామగ్రి, క్వాంటం సెన్సరు సస్యశాస్త్ర, మృత్తికాశాస్త్ర విభాగాలకు పరిచితమైనవే. కాంతి, లవణీయత, నత్రజని చక్రాలను విద్యార్థులు ఒకేచోట కొలిచి నేర్చుకోవడానికి ఇటువంటి తొట్టె చక్కని ప్రయోగశాల కాగలదు.