కడ్డీ బయటికెలా వచ్చింది?

శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం తోటల్లోంచి కొబ్బరికాయల బస్తాలు మోసుకొచ్చే నల్ల సైకిలూ, 1970లలో ఇటలీలో కట్టిన రేసు సైకిలూ పైకి అన్నదమ్ముల్లాగే ఉంటాయి. రెండూ స్టీలు గొట్టాలే. గొట్టాల కొసల్ని లగ్గులనే లోహపు తొడుగుల్లో దూర్చి, ఇత్తడి లాంటి లోహం కరిగించి అతికినవే. ఈ అతుకునే బ్రేజింగ్ అంటారు. కానీ మనది 20 కిలోల చుట్టుపక్కల తూగుతుంది, అది అందులో సగం. టెక్కలిలో ఇంటర్ పిల్లలకి స్థితిస్థాపకత చెబుతుంటే ఒకడు అడిగాడు: "రేసు సైకిలుది గట్టి స్టీలు కదా సార్, అందుకేనా పల్చగా ఉన్నా వంగదు?"

సగమే నిజం. వంగడంలో స్టీళ్లన్నీ దాదాపు ఒకటే. కిటికీ ఊచైనా, ఖరీదైన మిశ్రమ లోహమైనా, వంగకుండా ఎదురునిలిచే బిగువును కొలిచే యంగ్ గుణకం 200 గిగాపాస్కళ్ల దగ్గరే ఉంటుంది. తేడా ఎక్కడంటే, వంగినది మళ్లీ యథాస్థితికి రాకుండా ఉండిపోయే హద్దులో. ఆ హద్దు ఎంత ఎత్తున ఉంటే గొట్టం గోడని అంత పల్చన చెయ్యొచ్చు. 1935లో ఇంగ్లండు రేనాల్డ్స్ కంపెనీ మాంగనీసు, మాలిబ్డినం కలిపి తెచ్చిన 531 స్టీలు పేరు అందుకే మోగిపోయింది.

అయితే గొట్టమంతా పల్చనైతే అతుకు దగ్గర చిక్కు. ఒత్తిడి ఎక్కువ పడేది అక్కడే, ఇత్తడి కరిగే వేడికి లోహం బలం తగ్గేదీ అక్కడే. అందుకని కొసలు మందంగా, నడుమ పల్చగా చేశారు. ఇటలీ కంపెనీ కొలంబస్ చేసిన ఎస్సెల్ గొట్టం గోడ కొసల్లో 0.9 మిల్లీమీటర్లు, నడుమ 0.6. బయటి కొలత మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే. గోటితో కొడుతూ పోతే నడుమకొచ్చేసరికి మోత మారుతుంది. లోపలి గుట్టు తెలిసేది ఆ చప్పుడులోనే.

ఇది ఎలా చేశారన్నదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. నడుమ లావుగా, కొసలు సన్నగా ఉన్న కడ్డీని గొట్టంలో పెట్టి, రెంటినీ కలిపి అచ్చు రంధ్రంలోంచి లాగుతారు. గొట్టం కడ్డీ ఆకారానికి అతుక్కుపోతుంది. సరే, ఇప్పుడు లావు నడుమున్న ఆ కడ్డీ, ఇరుకైన కొసలోంచి బయటికి రావాలి! బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసే కుటుంబానికి చెందిన ఆల్‌ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లో పేటెంటు పొందింది ఈ రకం గొట్టానికే. కిటుకు ఇదీ: ఏటవాలుగా అమర్చిన రోలర్ల మధ్య గొట్టాన్ని కడ్డీతో సహా గిరగిరా తిప్పుతారు. చపాతీ కర్ర కింద పిండి సాగినట్టు గొట్టం చుట్టుకొలత రవ్వంత పెరుగుతుంది. పట్టు వదులుతుంది, కడ్డీ జారి బయటికొస్తుంది. ఇంత తెలివి పెట్టి చేసింది సైకిలు కొన్నవాడి కంటికి ఎన్నటికీ కనపడదు.

రేనాల్డ్స్‌కి పోటీగా మిలాన్‌లో కొలంబస్ లేచింది. ఆ గొట్టాలతో ఎర్నెస్టో కొల్నాగో కట్టిన, 6 కిలోలు కూడా లేని సైకిలు మీద బెల్జియం రేసు వీరుడు ఎడ్డీ మెర్క్స్ 1972 అక్టోబర్ 25న మెక్సికో సిటీలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. తర్వాత అల్యూమినియం వచ్చింది. దాని యంగ్ గుణకం స్టీలులో మూడో వంతే కాబట్టి గొట్టాలు లావెక్కాయి. ఆపైన కార్బన్ ఫైబర్. రేసుల్లో స్టీలు కథ దాదాపు ముగిసింది.

ఇష్టపడేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఒక హద్దు దాటనంతవరకూ స్టీలు ఎన్ని కుదుపులకైనా అలిసిపోదు. అల్యూమినియానికి ఆ హద్దే లేదు, ప్రతి కుదుపూ దాని లెక్కలో పడుతుంది. పైగా స్టీలు గొట్టం పాడైతే, బ్రేజింగ్ చెయ్యి తిరిగిన మనిషి దాన్ని ఊడదీసి కొత్తది అతకగలడు.

మన తీరానికి అలాంటి పాత ఫ్రేము తెచ్చుకోవాలనుకుంటే రంగు చూసి మురిసిపోకండి. సీటు రాడ్డు బయటికి లాగి, లోపలికి టార్చి వేసి చూడండి. ఉప్పుగాలి తుప్పు లోపలి నుంచే తినుకొస్తుంది, నడుమ దానికి దొరికేది 0.6 మిల్లీమీటర్లే.